నల్లమల మీదుగా పలకల లారీ

నడివయసు దాటిన మనందరం ఓనమాలు దిద్దింది పలక మీదే. ఆ పలక ఏ ఊరినుంచి వచ్చిందో మాత్రం ఎవరమూ అడిగి ఉండం. నాన్న బజారునుంచి తెచ్చారు, మేష్టారు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించారు, ఉమ్మితో చెరిపినందుకు చెవి మెలేశారు. మన జ్ఞాపకం అంతవరకే. ఆ పలకల్లో చాలా భాగం మార్కాపురం ప్రాంతపు నేల కడుపులోనుంచి వచ్చినవే.

కోట్ల సంవత్సరాల కిందట పొరలు పొరలుగా పేరుకున్న మెత్తని బురద, భూమి ఒత్తిడికి నలిగి రాయి అయింది. ఆ రాయికో చిత్రమైన గుణం ఉంది. ఉలిని సరైన చోట ఆనించి తడితే పుస్తకంలో పుటలు విడివడ్డట్టు రేకులుగా విడిపోతుంది. ఆ రేకును కొలతకు కోసి, నునుపు చేసి, నాలుగు చెక్క బద్దల మధ్య బిగిస్తే పలక. చిన్నప్పుడు సెలవులకు మా మామయ్య ఊరు మార్కాపురం వెళితే చెన్నకేశవస్వామి గుడి చూడటం ఎంత ముఖ్యమో, మామయ్య గోదాములో పలకల దొంతరలు చూడటమూ అంత ముఖ్యంగా ఉండేది.

మార్కాపురానికి పడమట నల్లమల ఉంది. కృష్ణకూ పెన్నకూ మధ్య ఉత్తర దక్షిణాలుగా గోడలా సాగిన కొండల వరస అది. దానికి ఈవల గుండ్లకమ్మ పారే మెట్ట నేలలు, ఆవల కుందూనది లోయ, నంద్యాల నల్లరేగళ్లు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలన్నీ కర్నూలు జిల్లాలోవే. కలెక్టరును చూడాలన్నా, కోర్టు వాయిదాకు పోవాలన్నా జనం ఈ కొండ దాటవలసిందే. ఉత్తరాన దోర్నాల, ఆత్మకూరు దారి ఒకటి. దక్షిణాన గిద్దలూరు, నంద్యాల దారి ఒకటి. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మూడేళ్లూ ఈ ప్రాంతంవాళ్లు తమ రాజధానికి పులులు తిరిగే అడవిలోంచి ప్రయాణం చేశారన్నమాట.

రైలు లేకపోలేదు. 1880లలో సదరన్ మరాఠా రైల్వేవారు నల్లమలను తొలిచి, వాగుల మీద ఎత్తయిన వంతెనలు కట్టి మీటరుగేజి దారి వేశారు. కాని పలకలకు రైలు పడదు. గోదాములో ఒకసారి ఎక్కించి, స్టేషనులో దించి, వ్యాగనులో ఎక్కించి, అవతల మళ్లీ దించేసరికి సగం సరుకు మన అక్షరాభ్యాసానికి కాక ఇంటి గచ్చుకు పనికొచ్చేట్టు తయారవుతుందనేవాడు మామయ్య. లారీ అయితే ఒకసారి ఎక్కించటం, ఒకసారి దించటం.

ఈ దారిలో 1968 మే నెలాఖరున నేను చేసిన రాత్రి ప్రయాణం గురించే ఈ నాలుగు మాటలు. అప్పుడు నేను పి.యు.సి. పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. జూనులో బడులు తెరుస్తారు. నంద్యాల వర్తకుడొకాయన పలకలు తెల్లవారేసరికి తన కొట్టు ముందుండాలని కబురు పెట్టాడు. అక్కడినుంచి ఆయన వాటిని బళ్లారి వైపు పంపాలి. ఒకరోజు ఆలస్యమైతే బేరం ఇంకొకరికి పోతుంది. మామయ్య గుమాస్తా జ్వరపడ్డాడు. అందుకని సరుకు వెంట నన్ను పంపారు.

పగలెందుకు పోకూడదని మీరు అడగవచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గాని, అరిగిన టైర్లు మాత్రం తప్పకుండా పగిలేవి. మిట్టమధ్యాహ్నం కొండ ఎక్కితే రేడియేటరులో నీళ్లు కుతకుత ఉడికి మూత ఎగరగొట్టేవి. అంచేత వేసవిలో పాత లారీలన్నీ గుడ్లగూబల్లా రాత్రిళ్లే తిరిగేవి.

మా లారీ కూడా అలాంటిదే. దాన్ని చేసిన కంపెనీ పేరు ముక్కు మీదినుంచి ఏనాడో అరిగిపోయింది. రెండు దీపాల్లో ఒకటి నేల చూపులు చూస్తే రెండోది చెట్ల చిగుళ్లు చూసేది. కుడి తలుపుకు గడియ లేదు, తాడు ఉంది. డ్రైవరు యాభై దాటిన సాయిబు. గడ్డం నెరిసింది, చూపు మాత్రం నెరవలేదు. క్లీనరు పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడు. వాడికి సాయిబే ‘ఉస్తాదు’.

సరుకు ఎక్కించటం సాయిబు దగ్గరుండి చూశాడు. పలకల్ని పడుకోబెట్టి పేరిస్తే పైవాటి బరువుకు అడుగువి పగులుతాయి. అందుకని పెట్టెల్లో నిలువుగా, పుస్తకాల బీరువాలో పుస్తకాల్లాగా నిలబెట్టి, సందుల్లో వరిగడ్డి దట్టించారు. లారీ నిండినట్టు కనిపించలేదు. పత్తి లారీ అయితే మేడంత ఎత్తు ఉంటుంది. మాది తొట్టిలో సగానికి కూడా రాలేదు. కాని వెనక కమాను పట్టాలు వెనక్కు వంగి, టైర్లు బొజ్జ పెట్టాయి. రాయి రాయే మరి.

“సాయిబు గారూ, ఇవి పలకలు సుమా, ఇనుప ముక్కలు కాదు” అన్నాడు మామయ్య.

“ఇనుమైతే పడినా లేస్తుందండీ. ఇవి పడితే ఏరుకోవటమే” అన్నాడు సాయిబు, నవ్వకుండా.

మామయ్య బిల్టీ కాగితం నా జేబులో పెట్టాడు. “దారిలో నువ్వేం చెయ్యనక్కర్లేదురా. నిద్రపోకుండా కూర్చో, చాలు” అన్నాడు.

చీకటి పడుతుండగా బయలుదేరాం. మార్కాపురం నుంచి నంద్యాల 80 మైళ్లకు కాస్త అటూ ఇటూ. అందులో సగం దూరం గిద్దలూరు దాకా. ఆ సగం నేల చదును. బాటకు రెండు పక్కలా చింతచెట్లు, మధ్య మధ్య వాగుల మీద దిగుడు దారులు. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా వెనకనుంచి కోటి గాజులు కదిలినట్టు ఒక చప్పుడు వచ్చేది. చప్పుడు వచ్చినప్పుడల్లా నేను జేబులో బిల్టీ తడుముకునేవాణ్ణి.

కంభంలో టీ తాగాం. కంభం అనగానే చెరువు. విజయనగర కాలంలో రాచకన్య వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల సందున కట్టించిందని చెప్పే ఆ చెరువుకు 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఆ రాత్రి మాకు చెరువు కనిపించలేదు. ఎక్కడినుంచో చల్లగాలి ఒక తెర వీచి, “అదిగో చెరువు గాలి” అన్నాడు క్లీనరు. అంతే మా దర్శనం.

టీ కొట్టు దగ్గర నాలుగైదు లారీలు ఆగి ఉన్నాయి. ఆ రోజుల్లో డ్రైవర్లకు టీ కొట్టే వార్తాపత్రిక. అవతలినుంచి వచ్చినవాడు రోడ్డు సంగతి చెబుతాడు, ఇవతలివాడు వింటాడు. ఏ వంపులో రాయి దొర్లింది, ఎక్కడ అంచు తెగింది, ఎవరి బండి ఎక్కడ నిలిచిపోయింది, అన్నీ అక్కడే. ఆ రాత్రి వార్త ఏమిటంటే, కొండ ఆవలి వైపు దిగువున రోడ్డు మరమ్మతుకు కంకర పోశారట. వరసగా కుప్పలున్నాయి, జాగ్రత్త అని. సాయిబు తల ఊపి, “ఎడమ పక్కనా, కుడి పక్కనా?” అని అడిగాడు. “దిగేవాడికి ఎడమ పక్క” అన్నాడు అవతలి డ్రైవరు. అంత చిన్న విషయం ఈయనకెందుకో అనుకున్నాను నేను.

గిద్దలూరు దాటాక దీపాలు అయిపోయాయి. దిగువమెట్ట దగ్గర రైలు స్టేషను దీపం ఒకటి దూరంగా మిణుకుమంది. ఆ తరవాత అడవి. అమావాస్య దగ్గరి రోజులు. ఆకాశం ఎక్కడ అయిందో కొండ ఎక్కడ మొదలైందో తెలియదు. చుక్కలు లేని చోటల్లా కొండ అనుకోవాలి.

అడవి మొదట్లో సాయిబు లారీ ఆపి దిగాడు. పానా తీసుకుని టైరు టైరుకూ ఒక దెబ్బ వేసి చెవి ఒగ్గి విన్నాడు, వైద్యుడు రోగి వీపు తట్టినట్టు. తరవాత ఎక్కి కూర్చుని బ్రేకు రెండు మూడుసార్లు తొక్కి చూసి, నాతో అన్నాడు:

“బాబూ, కొండ మీద రెండుంటాయి. ఒకటి బ్రేకు, ఒకటి గేరు. బ్రేకును బతిమాలుకోవాలి, గేరుకు హుకుం చెయ్యాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. దిగేటప్పుడు ఇంజను ఆపి, గేరు తీసి, డీజిలు మిగిలిందని సంబరపడినవాళ్లు మిగల్లేదు.”

ఎక్కటం మొదలైంది. గేరు మార్చాలంటే సాయిబు క్లచ్చి రెండుసార్లు తొక్కేవాడు. మధ్యలో ఇంజను చప్పుడు విని, సరిగ్గా శ్రుతి కలిసినప్పుడు గేరు రాడ్డు తోసేవాడు. శ్రుతి తప్పితే పళ్లు పళ్లు కొరికిన చప్పుడు. చివరికి మొదటి గేరులో పడ్డాం. మనిషి నడక కంటే లారీ నడకేమీ ఎక్కువ కాదు. క్లీనరు దిగి, అడ్డు చెక్క భుజాన పెట్టుకుని వెనక చక్రం పక్కనే నడవసాగాడు. లారీ ఆగి వెనక్కు జారిందంటే ఆ చెక్క చక్రం కింద వెయ్యటం వాడి పని. పద్నాలుగేళ్ల కుర్రాడూ, ఒక చెక్క ముక్కా కలిసి అంత బరువును ఆపుతారన్నమాట!

ఇంకొక చిక్కు ఉంది. ఆనాటి పాత బళ్లకు కరెంటు ఇచ్చే డైనమో ఇంజను వేగంగా తిరిగితేనే బాగా పనిచేసేది. ఇంజను నెమ్మదించిన కొద్దీ దీపాలూ నెమ్మదించేవి. వంపు తిరిగేచోట, అంటే వెలుతురు మరీ అవసరమైన చోట, మా దీపాలు ఆముదపు దీపాల్లా ఎర్రబడేవి. అప్పుడు కనిపించేదల్లా అంచున సున్నం కొట్టిన రాళ్లు. ఒక రాయి, ఇంకొక రాయి, ఆ తరవాత రాయి లేదు; రాయి లేనిచోట ఏమున్నదో చూడబుద్ధి కాదు.

రెండుచోట్ల ఆగి రేడియేటరులో నీళ్లు పోశాం. ఇంజను ఆపినప్పుడల్లా అడవి చప్పుడు ఒక్కసారిగా మీద పడేది. ఎండుటాకు మీద ఏదో నడిచిన చప్పుడు, వెదురు పొదలో కర్రకు కర్ర రాసుకున్న చప్పుడు. ఒకచోట రోడ్డుకు అడ్డంగా రెండు కళ్లు వెలిగాయి. నా గుండె ఆగింది. “కణితి” అన్నాడు సాయిబు. కళ్లు ఎగిరి పొదలో పడ్డాయి. కణితి ఉన్నచోట దాన్ని తినేది కూడా ఉంటుందిగదా అన్న ఆలోచన నాకు వచ్చింది; పైకి అనలేదు. ఇప్పుడీ కొండల మీదే గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. ఉత్తరాన శ్రీశైలం వైపు అడవి 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం. ఆనాడు పులి మనకు రక్షణ కల్పించవలసిన జంతువని ఎవరూ అనుకోలేదు. పులి నుంచి మనకు రక్షణ కావాలనే అనుకున్నాం.

పై మెట్టు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఇంజను చల్లబడేదాకా ఆగాం. క్లీనరు మోకులు బిగించాడు. ఒక పెట్టె మూత సందులోంచి చెయ్యి పెట్టి చూశాను. పలకలు చల్లగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కష్టమంతా అయిపోయిందనుకున్నాను. నా మొహం చూసి సాయిబు, “ఎక్కటం బండి పని బాబూ. దిగటం మన పని” అన్నాడు.

రెండో గేరులో దిగటం మొదలుపెట్టాం. కొంతసేపు బాగానే ఉంది. ఇంజను గొంతు పెంచి అరుస్తూ బరువును పట్టి ఆపుతోంది. బ్రేకు మీద సాయిబు కాలు తాకీ తాకనట్టుంది. ఒక వంపు దగ్గర రబ్బరు మాడిన కంపు వచ్చింది. సాయిబు బ్రేకు తొక్కాడు. పెడలు తొట్టి అడుగుదాకా పోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ అడుగుకే పోయింది.

వెనక చక్రంలో బ్రేకు వాషరు వేడికి తెగి నూనె మొత్తం కారిపోయిందని తరవాత తెలిసింది. ఇప్పటి పెద్ద లారీల్లో గాలి బ్రేకులు. గొట్టంలో గాలి పోతే లోపలి స్ప్రింగు తనంతట తానే బ్రేకు పట్టేస్తుంది. ఆనాటి బళ్ల న్యాయం దానికి తలకిందులు. నూనె పోయిందా, బ్రేకూ దానితోనే పోయింది.

సాయిబు హ్యాండు బ్రేకు లాగాడు. అది లోడు బండిని ఆపేది కాదు, బుజ్జగించేది. ఆయన గొంతు పెంచలేదు.

“బాబూ, ఈ గేరు రాడ్డు రెండు చేతులా పట్టుకో. నీ వైపుకు లాగి పట్టు. పాత గేరు పెట్టె, దిగేటప్పుడు రాడ్డు ఎగిరి బయటికొస్తుంది. వచ్చిందా, మళ్లీ లోపలికి పోదు. వదలకు. నేను వదలమనేదాకా వదలకు.”

ఆ మాటకు అర్థం నాకు వెంటనే తెలిసింది. గేరు ఊడితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అంత బరువు రాయిని ఆపేది ఇక ఏదీ ఉండదు. రాడ్డు పట్టుకున్నాను. అది బతికిన ప్రాణిలా కొట్టుకుంటోంది. ఇంజను అరుపు రాడ్డులోంచి నా మోచేతుల్లోకి, మోచేతుల్లోంచి పళ్లలోకి వచ్చింది. కాళ్లు ముందు రేకుకు తన్నిపెట్టి, వెనక్కు వాలి పట్టుకున్నాను. అరచేతుల్లో చెమటకు జారితే పంచె చెంగు చుట్టి పట్టుకున్నాను. ఎదర ఏమవుతోందో చూడలేదు. నాకున్న లోకం ఆ ఇనుప కర్ర ఒక్కటే.

క్లీనరు అప్పటికే ఎడమ తలుపు తెరిచి బయట మెట్టు మీద నిలబడ్డాడు. వాడి చేతిలో లాంతరు. ప్రతి వంపుకు ముందూ లాంతరు ఊపుతూ కేకలు పెడుతున్నాడు. మూడో వంపో నాలుగో వంపో దగ్గర కిందనుంచి వెలుతురు చెట్ల మీద పడింది. ఎదురుగా ఒక లారీ ఎక్కుతోంది.

కొండ దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. అది డ్రైవర్ల ధర్మం. మేము ఇవ్వలేం, ఇవ్వాలంటే ఆగాలి. సాయిబు దీపాలు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి సైగ చేశాడు. క్లీనరు, “బ్రేకు లేదన్నో! బ్రేకు లేదు!” అని గొంతు చించుకున్నాడు. ఎదుటి డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడో! ఒక్క క్షణంలో గ్రహించాడు. బండిని అంచుకు లాగి ఆపేశాడు. మా కళ్లు చెదరకుండా తన దీపాలు ఆర్పేశాడు. బియ్యం లారీ. మా తొట్టి దాని తొట్టిని రాసుకుంటూ పోయింది; బస్తా ఒకటి చిరిగి బియ్యం ఈదురు వానలా మా బానెట్టు మీద పడ్డాయి. చీకట్లోంచి ఆ డ్రైవరు గొంతు ఒకే ఒక మాట అంది: “కింద ఎడ్లబండ్లుండాయ్!”

ఎడ్లబండ్లు! వెదురు నరికి నంద్యాల సంతకు తోలుకుపోయే బండ్లవి. రాత్రి చల్లదనంలో వరసగా కట్టుకుని పోతాయి. మొదటి బండివాడు మెలకువగా ఉంటాడు. మిగతావాళ్లు బండి మీదే నిద్రపోతారు. ఎడ్లు ముందరి బండి వెనక తమంతట తామే నడుస్తాయి. ఇరుసు కింద లాంతరు ఊగుతూ ఉంటుంది. వెనకనుంచి హారను మోగించినా వాళ్లు లేచేసరికి ఆలస్యమవుతుంది. లేచినా ఎడ్లు బెదిరి రోడ్డుకు అడ్డం తిరుగుతాయి.

వాలు తగ్గుతూ వచ్చింది. వంపులు అయిపోయాయి. దారి తిన్నగా దిగువకు పడి ఉంది. ఆ తిన్నని దారి చివర, నేలను అంటుకుని, దీపాల వరస ఒకటి చిన్నగా ఊగుతోంది. తల ఎత్తి చూసినందుకు విచారించాను. మా లారీ వేగం తగ్గటం లేదు. తిన్నగా ఉన్న వాలు మీద రెండో గేరు పట్టుకున్నా బరువు తోసుకుపోతోంది. కుడి పక్క వాగు. ఎడమ పక్క...

ఎడమ పక్క కంకర కుప్పలు.

సాయిబు కంభంలో ఎందుకడిగాడో అప్పుడు తెలిసింది. “బిస్మిల్లా” అని, ఎడమ చక్రాల్ని మొదటి కుప్ప మీదికి ఎక్కించాడు. లారీ ఎగిరిపడింది. వెనకనుంచి వచ్చిన చప్పుడు నేను ఈనాటికీ మరిచిపోలేదు. పెళపెళమని, ఒక బడిలో పిల్లలందరూ ఒక్కసారి పలకలు నేలకేసి కొట్టినట్టు. రెండో కుప్ప. మూడో కుప్ప. కంకర ముందు రేకుల మీద వడగళ్లలా కొట్టింది. ప్రతి కుప్పా మా వేగంలో కొంత తినేసింది. నా చేతిలో రాడ్డు కొట్టుకోవటం మాని వణకటం మొదలుపెట్టింది. ఏడో కుప్పలో చక్రం కూరుకుపోయి, ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. క్లీనరు అప్పటికే దూకాడు. చెక్క చక్రం కింద పడ్డ చప్పుడు వినిపించింది.

“ఇప్పుడు వదులు బాబూ” అన్నాడు సాయిబు.

వదలబోతే వేళ్లు విడివడలేదు. ఆయనే ఒక్కొక్క వేలూ తీశాడు.

చివరి బండి మాకు ఇరవై గజాల దూరంలో ఉంది. దాని మీద పడుకున్న మనిషి లేవనే లేదు. ఎడ్లు చెవులు ఒకసారి వెనక్కు తిప్పి, ఏమీ జరగనట్టు నడిచిపోయాయి. క్లీనరు దీపాలు లెక్కపెట్టాడు. పదకొండు.

తరవాత రెండు గంటలు పట్టింది. సాయిబు లారీ కింద పడుకుని చక్రం విప్పి, కొత్త వాషరు వేశాడు. వాషరూ, బ్రేకు నూనె డబ్బా సీటు కింద ఉండనే ఉన్నాయి. పాత బండి డ్రైవరు సీటు కింద సగం మెకానిక్కు షాపు ఉంటుంది. గొట్టంలో గాలి తియ్యటానికి నన్ను పెడలు తొక్కమన్నారు. ఉస్తాదు కిందనుంచి “తొక్కు” అంటే తొక్కటం, “పట్టు” అంటే పట్టుకోవటం. పెడలు కాలికి గట్టిగా తగిలేసరికి తూర్పున కొండ అంచు కనిపించటం మొదలైంది. ఆ కొండ మీదినుంచేనా మేము దిగింది అనిపించింది. కంకర తవ్వి చక్రం పైకి తీశాక, చెదిరిన కుప్పలన్నీ క్లీనరు చేత తిరిగి పోగు చేయించాడు సాయిబు. “సర్కారు కంకర. రేపు ఇంకెవడికన్నా పనికొస్తుంది” అన్నాడు.

గాజులపల్లె దాటి, తెల్లగా తెల్లవారాక నంద్యాల చేరాం. పెట్టెలు విప్పి లెక్కపెడితే పగిలినవి 16 డజన్లు తేలాయి. ఎడమ వైపు అడుగు పెట్టెల్లోవే దాదాపు అన్నీ. దారిలో కొద్దిగా పగిలితే సరుకుదారుది, హద్దు మించితే లారీ కిరాయిలో కోత, అది వాడుక. వర్తకుడు ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకుని కోత లెక్క వెయ్యబోయాడు. సాయిబు ఏమీ అనలేదు. టవలుతో మొహం తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు. చెప్పవలసింది నేనే చెప్పాను. బ్రేకు పోవటం, బియ్యం లారీ, బండ్ల దీపాలు, కంకర కుప్పలు అన్నీ.

వర్తకుడు కలం ఆపాడు. “బండ్లు ఎన్ని?”

“పదకొండండీ.”

“ఎడ్లు ఇరవై రెండు” అని ఆయనే లెక్క కట్టుకున్నాడు. “మనుషులు ఒక పదకొండు మంది. మీరు ముగ్గురు.” కాసేపు పైకప్పు వైపు చూశాడు. వ్యాపారి వ్యాపారే. మొత్తం మాఫీ చేశాడనుకునేరు! కోత సగం చేసి, మిగతా సగం తన ఖాతాలోనూ మామయ్య ఖాతాలోనూ చెరిసగం రాసుకున్నాడు. బిల్టీ వెనక అదే రాసి నా చేత సంతకం పెట్టించాడు.

“లెక్క బాగానే ఉంది” అన్నాడు సాయిబు. నిజంగానే బాగుందనుకుంటున్నట్టు అన్నాడు. తరవాత తొట్టిలో పరిచిన వరిగడ్డి మీద పడుకుని అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. క్లీనరు ఆయన మొహం మీద ఎండ పడకుండా టార్పాలిను కట్టాడు.

ఇప్పుడా దారి గుంటూరునూ అనంతపురాన్నీ కలిపే జాతీయ రహదారిలో భాగం. కొండ కొండే గాని, కారులో పోయేవారికి అదొక అందమైన అడవి, కాసేపు కిటికీ దించుకోదగ్గ గాలి. మీటరుగేజి రైలు బ్రాడుగేజి అయింది. పలకల స్థానంలో నోటుపుస్తకాలు వచ్చాయి. మార్కాపురం రాయి ఇప్పుడు పిల్లల చేతుల్లో కంటే మేడల గోడల మీదా, నేలల మీదా ఎక్కువ కనిపిస్తుంది. ఆ దారిన రాత్రి వెళితే, మీ కారు ముందు ఒక లోడు లారీ చిన్న గేరులో అరుస్తూ నత్తనడక నడుస్తుంటే, దయచేసి హారను కొట్టకండి. దారి ఇవ్వటం లేదని తిట్టుకోకండి. లోపలివాడు నిద్రపోతూ నడపటం లేదు. కొండను చేత్తో పట్టుకుని దించుతున్నాడు.

సాయంత్రం సాయిబు ఖాళీ లారీతో తిరిగి బయలుదేరుతూ, “వస్తావా బాబూ? ఖాళీ బండి మాట వింటుంది” అన్నాడు. నా అరచేతుల్లో బొబ్బలు చూపించాను. ఆయన నవ్వాడు, ఆ ప్రయాణం మొత్తంలో నవ్వింది అప్పుడే. మర్నాడు పగటి రైలెక్కాను. సొరంగం దాటి రైలు అడవిలోకి వచ్చినప్పుడు కిటికీలోంచి చూస్తే, చెట్ల మధ్య అక్కడక్కడా రోడ్డు కనిపించింది. ఎండలో తెల్లగా, వంకరగా, పసిపిల్లవాడు పలక మీద మొదటిసారి గీసిన గీతలాగా ఉంది.